పొయ్యి మేస్త్రి లెక్క

తెల్లారకముందే లేచి ఫ్లాస్కులో టీ పోసి భర్త చేతికి అందించేది ఆవిడ. ఇప్పుడూ అదే వేళకి మెలకువ వస్తోంది, ఫ్లాస్కు పట్టుకెళ్ళే మనిషే లేడు. ఇరవయ్యేళ్ళు ఒక్క బేకరీలోనే పొయ్యి మేస్త్రిగా చేసి, రెండు నెలల కిందట గుండె ఆగి పోయాడు.

ఆ ఉదయం బేకరీ యజమాని గుమ్మంలోకి వచ్చాడు. చంకలో మేస్త్రి రాసుకున్న నోటుబుక్కు, చేతిలో బొగ్గులాంటి బ్రెడ్డు.

“వదినా, కొత్త పొయ్యి కొన్నాం. అన్నయ్య రాసినట్టే నాలుగు వందల మీద పెడితే ఇదిగో, ఇలా తగలడింది. పుస్తకమే తప్పు, పారెయ్యమంటున్నాడు కొత్త మేస్త్రి.”

ఆవిడ మనసు చివుక్కుమంది. పోయినవాడు వచ్చి జవాబు చెప్పుకోలేడు కదా! కట్టుకున్న చీరతోనే బేకరీకి బయల్దేరింది.

“నాలుగు వందలంటే నాలుగు వందలే కదక్కా! అంకెల్లో కూడా మడతపేచీలుంటాయా?” అన్నాడు కొత్త మేస్త్రి.

“గజాల కొలత మీటర్లకి సరిపోతుందా నాయనా? పాత పొయ్యి ఫారెన్‌హీటుది. ఇది సెల్సియస్‌ది.”

చదివింది ఐదో తరగతే. కానీ అన్నం దగ్గర కూర్చున్నప్పుడల్లా ఫారెన్‌హీటుని సెల్సియస్‌లోకి మార్చే లెక్కని భర్త ఎక్కంలా అప్పజెప్పించుకునేవాడు. ముప్ఫై రెండు తీసెయ్యి, సగం చెయ్యి, ఆ సగంలో పదోవంతు దానికే కలుపు. తప్పితే “మా ఆవిడ బ్రెడ్డు మాడ్చేసిందోయ్” అని నవ్వేవాడు. అప్పట్లో విసుక్కునేది.

“రెండు వందల రెండు,” అంది వేళ్ళు మడిచి. “ఒకటి రెండు అటూ ఇటూ అయినా ఫర్వాలేదు.”

బ్రెడ్డు పొంగి బంగారు రంగులో దిగింది. కొత్త మేస్త్రి తల గోక్కున్నాడు.

“తప్పు పుస్తకానిది కాదక్కా, నాది. ఆయన ముందు నేనింకా పిండిముద్దనే.”

ఆ మాటతో ఆవిడకి కడుపు నిండిపోయింది. వేళాకోళమాడుతూనే ఎంత ఇచ్చిపోయాడు మహానుభావుడు! పుస్తకం పారెయ్యకుండా తన ఇంటికొచ్చి అడిగినందుకు యజమానికీ మనసులోనే దణ్ణం పెట్టుకుంది.

పుస్తకమంతటికీ కొత్త అంకెలు వేసిపెట్టమన్నాడు యజమాని. నాలుగు మధ్యాహ్నాలు పిండి బల్ల దగ్గర కూర్చుని, భర్త వేసిన ప్రతి అంకె పక్కనా తన అంకె వేసింది. ఆఖరి పేజీ రస్కులది. నిమిషం పట్టని లెక్క. చెయ్యలేదు. కింద పెన్సిల్‌తో ఇలా రాసింది: “దీనికి నన్ను పిలవండి.”