అవ్వ ఊఁ కొట్టని అధ్యాయం

మొన్న ఆదివారం మా ఆయన పొద్దున నడకకు పోయి వస్తూ, వనపర్తి బస్టాండు దగ్గర బండి మీద కొన్నానని చెప్పి బంగారు రంగు అక్షరాల అట్ట ఉన్న సన్నని పుస్తకం ఒకటి తెచ్చి, నేను వసారాలో కూర్చుని ఉప్మాకు ఉల్లిగడ్డ తరుగుతుంటే ఎదురుగా కుర్చీ లాక్కుని, చైనా దేశపు పాత జ్ఞానులు జీవితంలో గెలవడం గురించి ఏమన్నారో గట్టిగా చదివి వినిపించడం మొదలుపెట్టాడు. నీళ్లలాగా ఒదిగి ఉండాలట. అట్లా ఒదిగినవాడికి ఉద్యోగంలో, వ్యాపారంలో, సంసారంలో తిరుగుండదట. "ఎంత మంచిమాట చెప్పిండో చూసినవానే" అని కళ్లజోడు పైకి తోసుకుని నా మొహంలోకి చూశాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఏ మనిషి చేతులతో ఆ మాటలు ఒకనాడు పొయ్యిలోకి పోయాయో ఆ మనిషే ఇప్పుడు నాకు వాటిని కొత్తగా నేర్పడానికి కూర్చున్నాడు.

నా ఈడు వాళ్లకు, అందులోనూ రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నల్లమల దరిదాపుల్లో కాపురం చేసిన వాళ్లకు, చైనా అనే మాట ఇంట్లో పలకాలన్నా గొంతు ఎంత తగ్గేదో నేను చెప్పనక్కరలేదు. ఇప్పటి పిల్లలకు చైనా అంటే చేతిలో ఫోను, దీపావళికి వెలిగే రంగుల బల్బుల దండ. మాకు చైనా అంటే నక్సలైట్ల అడవి, అడవి అంటే పోలీసు జీపు, జీపు అంటే ఎవరి ఇంటి ముందు ఆగుతుందో తెలియని భయం. ఆ దేశంలో రెండున్నర వేల ఏళ్ల కిందట కూడా మనుషులున్నారనీ, వాళ్లు తుపాకుల గురించి కాక మంచిగా బతకడం గురించి కూర్చుని మాట్లాడుకున్నారనీ మా చుట్టుపక్కల తెలిసిన మనిషి ఒక్కడే ఉండేవాడు. ఆయన మా మామ, మా ఆయన నాన్న.

నా పుట్టిల్లు గద్వాల, మెట్టినిల్లు తెలకపల్లి దగ్గరి ఊరు. మామ ప్రాథమిక బడిలో పంతులుగా చేసి రిటైరై, ఉన్న నాలుగెకరాల మెట్టలో పల్లి సాగు చేయిస్తూ ఉండేవాడు. చైనాతో యుద్ధం జరిగిన ఏడు కొత్తగా ఉద్యోగంలో చేరి, బడి పిల్లలను ఎండలో నిలబెట్టి చైనావాళ్లను గంటసేపు తిట్టాడట. తర్వాత ఎప్పుడో, వాళ్లు రాసుకున్నది ఒక్క పేజీ కూడా చదవకుండా అంత మందిని అట్లా ఎందుకు తిట్టానని సిగ్గేసిందట. ఆ సిగ్గు ఏళ్ల తరబడి ఉంచుకుని, పెన్షను కాగితాల పని మీద హైదరాబాదు పోయినప్పుడల్లా ఫుట్‌పాత్ మీద వెతికి వెతికి నాలుగు ఇంగ్లీషు పుస్తకాలు తెచ్చుకున్నాడు. ఒకటి చిన్న చిన్న అధ్యాయాల పాత పుస్తకం, అరచేతి మందం కూడా లేదు. ఇంకొకటి ఒక గురువు తన శిష్యులతో, కొడుకు తండ్రితో ఎట్లా ఉండాలి, రాజు జనంతో ఎట్లా ఉండాలి అని మాట్లాడింది. మూడోది ఈ కాలపు ప్రొఫెసరు రాసిన లావుపాటి చరిత్ర, అట్ట ఊడిపోయి ఉండేది. నాలుగోది పట్నంలో ఉద్యోగం చేసుకునే ఒకామె, పాత మాటలు తనకు ఎక్కడ పనికొచ్చాయో ఎక్కడ పనికిరాలేదో దాచకుండా రాసుకున్న పుస్తకం. నాకు అదే ఎక్కువ ఇష్టం.

మామకు ఇంగ్లీషు తడుముకుంటూ వచ్చేది. నేను హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పేదాన్ని కాబట్టి ఆ పని నా మీద పడింది. విత్తనపు పల్లికాయ చేత్తో వలవాలి కదా, ఆ వలిచే మధ్యాహ్నాల్లో నేను ఒక వాక్యం చదివి అర్థం చెబితే, మామ దాన్ని మన మాటల్లో తిప్పి పైకి అనేవాడు. మాతో పాటు కాయ వలవడానికి వచ్చే కూలి అవ్వ ఒకామె ఉండేది. వయసులో ఉండగా బొంబాయిలో బిల్డింగుల మీద తట్టలు మోసి నడుము పోగొట్టుకుని వచ్చింది. సంతకం కూడా రాదు. మామ చెప్పిన వాక్యానికి ఆ అవ్వ, కథ విన్నట్టు, ఊఁ కొట్టాలి. కొడితేనే అది నోటుబుక్కులో ఎక్కేది. కొట్టకపోతే మామ మళ్లీ తిప్పేవాడు, మళ్లీ తిప్పేవాడు, ఒక్కోసారి ఒక్క వాక్యానికి శేరు కాయ అయిపోయేది. నేను విసుక్కుంటే, చదువు రాని మనిషికి ఎక్కనిది చదువుకున్న మనిషికి ఎక్కిందంటే నాకు నమ్మకం లేదు బిడ్డా అనేవాడు. ఐదేళ్లలో అట్లా మూడు పొడుగాటి నోటుబుక్కులు నిండాయి. మీద పెద్ద అక్షరాలతో చైనా తత్వం అని రాసి, కింద తన పేరు రాసుకుని, నా ట్రంకుపెట్టెలో పెట్టించాడు. ఆ పెట్టె తాళంచెవి నా మొలకే ఉండేది.

ఒక్క అధ్యాయం మాత్రం ఎక్కలేదు. నీళ్ల గురించి, ఒదిగి ఉండడం గురించి చెప్పిన అధ్యాయం. మామ ఎన్ని రకాలుగా చెప్పినా అవ్వ నోరు విప్పలేదు. చివరికి ఒకనాడు చేతిలోని కాయ చాటలో పడేసి, "ఒదిగి ఒదిగే గద సారూ నా నడుము పోయింది. గా ముసలాయన ఎన్నడన్న కూలికి పోయిండా?" అంది. మామ చాలాసేపు నవ్వి, మన పాలమూరు నీళ్లు కిందికి పోయి పోయి బోరుకు కూడా అందకుండా అయినయి, పాపం ఆ పెద్దమనిషికి మన ఊరు తెల్వదు అని, ఆ పేజీ ఖాళీగా వదిలేశాడు. అవ్వ ఆ తర్వాతి ఎండాకాలం చచ్చిపోయింది. పేజీ అట్లాగే ఉండిపోయింది.

ఆ మరుసటి ఏడే జరిగింది ఇది. మామ కన్ను ఆపరేషనుకు నాగర్‌కర్నూల్ పోయి దవాఖానలో రెండు రోజులున్నాడు. ఆ రెండో రోజు మధ్యాహ్నం మా బావగారు, అంటే మా ఆయన అన్న, మండల ఆఫీసులో గుమాస్తా, బండి మీద ఆయాసపడుతూ వచ్చి, పక్క ఊళ్లో ఒక ప్రైవేటు పంతులును ఇంట్లో ఎర్ర అట్ట పుస్తకం దొరికిందని పోలీసులు తీసుకుపోయారట అని చెప్పాడు. నిజమో కాదో ఆయనకే తెలియదు. "మనింట్ల చైనా పుస్తకాలున్నయని ఊరంత తెలుసు. నౌకర్లు పోతయి, పిల్లలు బజార్ల పడతరు" అన్నాడు. అంతే, అన్నదమ్ములిద్దరూ గూట్లోంచి నాలుగు పుస్తకాలూ లాగి నీళ్ల కాగు కింది పొయ్యిలో పెట్టారు. తండ్రి ముందు కొడుకు ఎట్లా మెలగాలో చెప్పిన పుస్తకమే అన్నిటికన్నా ముందు అంటుకుంది. నేను గుమ్మంలో నిలబడి చూశాను. నాకు ఆరేళ్ల కూతురు, ప్రభుత్వ ఉద్యోగం. ఇంకేమన్నా ఉన్నాయా అని బావగారు అడిగితే, నన్ను ఎవరూ బలవంతం చేయకుండానే, లోపలికి పోయి మొలకున్న తాళంచెవితో పెట్టె తీసి, ఆ మూడు నోటుబుక్కులూ తెచ్చాను. అచ్చు పుస్తకాలైతే ఎవరివో అనవచ్చు, చేతిరాత అయితే ఎట్లా అని నా బుద్ధికి తోచింది. మా ఆయన వాటిని నా చేతిలోంచి తీసుకుని, అవి ఏమిటని కూడా చూడకుండా లోపలికి తోశాడు.

సాయంత్రం బస్సుకు మామ కంటికి పచ్చగుడ్డ కట్టుకుని దిగాడు. మెడ దాకా స్నానం చేస్తానంటే ఆ కాగులోని నీళ్లే తోడి పెట్టాను. నీళ్లు బాగా కాగాయని కూడా అన్నాడు. తర్వాత గూడు వైపు చూశాడు, ట్రంకుపెట్టె వైపు చూశాడు, భోజనం చేసి పడుకున్నాడు. జీపు రాలేదు. ఆ వారం రాలేదు, ఆ నెల రాలేదు, ఏనాడూ రాలేదు. రాని జీపు కోసం మా పొయ్యిలో ఐదేళ్ల మధ్యాహ్నాలు తగలబెట్టుకున్నాం.

నేను తిట్టుకోని మనిషి లేడు. బావగారిని తిట్టుకున్నాను, పిరికి మనిషీ, వదంతి మోసే మనిషీ అని. మా ఆయనను పైకే తిట్టాను, నాన్న అక్షరాలు గుర్తుపట్టని కొడుకువని. నెలల తరబడి పలకరింపు లేకుండా అన్నం గిన్నె ఆయన ముందు పెట్టాను. ఆ చైనా ముసలివాళ్లను కూడా తిట్టుకున్నాను, ఒదిగి ఉండండని చెప్పి ఇట్లాంటి మగవాళ్లను తయారుచేశారని. పెట్టె తీసింది నేనే అన్న మాట మాత్రం మామతో చెప్పలేదు. కొడుకులే చేశారని ఆయన అనుకుంటే అనుకోనీ అని ఊరుకున్నాను. ఆయన నన్ను ఒక్కమాట అడిగినా చెప్పేసేదాన్నేమో. అడగలేదు. ఆ అడగకపోవడం మీదే నాకు అన్నిటికన్నా ఎక్కువ కోపం వచ్చేది.

ఆ ఏడు విత్తనం వలిచేటప్పుడు, మీరు చెప్పండి మామా, నేను మళ్లీ రాస్తాను, సగమన్నా నాకు నోటికి ఉంది అని బతిమాలాను. "ఊఁ కొట్టే అవ్వ లేకపాయె బిడ్డా. ఎవరినడిగి రాయాలె?" అన్నాడు. నాలుగేళ్లు పల్లికాయ మాత్రం వలిచి పోయాడు. పదకొండో రోజున బావగారు పదిమంది ముందు లేచి, మా నాయిన చైనా శాస్త్రాలు కూడా చదివిన మహా పండితుడని చెప్పుకుని కళ్లు తుడుచుకున్నాడు. నేను చేతిలోని విస్తళ్లు అక్కడే పెట్టి దొడ్లోకి పోయాను, లేకపోతే ఏమనేదాన్నో.

ఇదంతా మనసులో తిరుగుతుండగానే మొన్న ఆదివారం నోరు ఆగలేదు. నీ చేతులతో కాల్చిన మాటలు నాకు చదివి వినిపించడానికి నీకు సిగ్గు లేదా, నాన్న చేతిరాత కూడా చూడకుండా పొయ్యిలో వేశావే అని, ఇన్నేళ్లది అంతా ఆయన మీద కుమ్మరించాను. ఆయన పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"చూసిన" అన్నాడు. "నాయిన రాత నాకు తెల్వదా? గప్పటికే నువ్వు తెచ్చి ఇచ్చినవు, వద్దంటే అన్న ముందట తప్పు నీ మీదికి వస్తదనుకున్న. తెల్లారి నాయిన కాడికి పోయి, బుక్కులు నేనే తీసి ఏసిన, కోడలికేం తెల్వదు అని చెప్పిన."

మామ ఏమన్నాడని అడిగాను.

"జర నవ్విండు. పెట్టె తాళంచెయ్యి కోడలి మొలకే ఉంటది గదరా, ఈ మాట మళ్ల ఎత్తకు అన్నడు."

అంటే, బుక్కులు తెచ్చి ఇచ్చింది నేనేనని మామకు తెలుసు. నాలుగేళ్లు నా ఎదురుగా కూర్చుని, నేను ఆయన కొడుకును తిట్టడం వింటూ, కాయ వలిచాడు. ఈయనేమో ఇన్నేళ్లు తిట్లు తింటూ, మూతి ముడుచుకుని ఇచ్చిన అన్నం తింటూ ఉన్నాడు. ఇద్దరూ ఒదిగిపోయి నన్ను కాపాడామనుకున్నారు. నన్ను నిలబెట్టి ఒక్కసారి, ఎందుకు తెచ్చి ఇచ్చినవ్ అని ఎవరో ఒకరు అరిచి ఉంటే నేను ఆనాడే ఏడ్చి ఊరుకునేదాన్ని. ఇప్పుడు ఈ కోపం పట్టుకుని ఎవరి దగ్గరికి పోవాలి?

కాలం మారింది, కాదనను. అట్ట మీద చైనా పేరున్న పుస్తకం బస్టాండులో బండి మీద దొరుకుతుంది, ఎవరూ కొంగు చాటున దాచుకోనక్కరలేదు. పల్లికాయ మిషనులో గంటలో పొట్టు విడిపోతుంది. భయం పోయినందుకు సంతోషమే. కానీ ఆ మిషను చుట్టూ ఎవరూ కూర్చోరు, ఎవరూ ఎవరికీ ఏదీ చదవరు, ఇది నాకు ఎక్కలేదు సారూ అని పండితుడి మొహం మీద చెప్పే మనిషీ లేదు. ఎవరు ఏది అచ్చు వేస్తే అది మంచిమాటే అయిపోతున్నది.

ఉప్మా చల్లారింది. ఆయన, నా కోపం తగ్గిందనుకున్నాడో ఏమో, పుస్తకం మళ్లీ తెరిచి ఆ నీళ్ల మాటే మెల్లగా ఇంకోసారి చదివి ఆగాడు. నా వైపు చూశాడు.

నేను ఊఁ కొట్టలేదు.