రూపాయికి పాడిన చీపురు

మా చిన్నప్పుడు... కోత పండగ నాడు చర్చిలో అయ్యగారి ప్రసంగం మధ్యలో కోడిపుంజు కూసేది. ఎవరూ నవ్వేవారు కాదు. కొల్లిపర పక్కన మా ఊళ్లో అది మామూలే...

పంట ఇంటికొచ్చాక ఒక ఆదివారం, ఎవరి కష్టంలోంచి వాళ్లు మొదటి ఫలం తెచ్చి దేవుడి ముందు పెట్టేవాళ్లు. రైతులు గుమ్మడికాయలు, అరటిగెలలు, కాళ్లు కట్టిన కోడిపుంజులు... కూలికెళ్లేవాళ్లు తట్టల్లో వడ్లు... టైలరు ఒక పిల్లల గౌను. మా అమ్మ బళ్లో టీచరు, జీతంలోంచి కొంత కవరులో పెట్టేది. ఆరాధన అయ్యాక తెచ్చినవన్నీ వేలం వేసేవారు. వచ్చిన డబ్బు చర్చికి.

ధరకీ కష్టానికీ చుట్టరికం తక్కువని నాకు అక్కడే తెలిసింది. బావా బావమరుదులు పంతానికి పోతే గుమ్మడికాయ కోడిపుంజు ధర పలికేది. పంతం లేని ఏడు అదే గుమ్మడికాయని అడిగే దిక్కుండేది కాదు.

ఆ ఏడు దయమ్మ చీపురు తెచ్చింది.

దయమ్మ మా చర్చి ఊడ్చే మనిషి. నెలకింతని ఏదో కొద్దిగా ఇచ్చేవారు. పొలం లేదు, కోళ్లు లేవు... తన కష్టమేదో అదే తెచ్చింది. కొబ్బరి ఈనెలు చీరి, ఎండబెట్టి, ఎర్ర గుడ్డపీలికతో బిగించి కట్టిన కొత్త చీపురు.

వేలం వేసే సంఘపెద్ద దాన్ని పైకెత్తి చూపించాడు. ఎవరూ పలకలేదు. మళ్లీ అడిగాడు... దయమ్మ ఆడవాళ్ల వైపు నిలబడి, ముసుగు సర్దుకుని నేల చూస్తోంది. నాకప్పుడు పదేళ్లు. పక్కనున్నవాళ్లని నవ్విద్దామని "రూపాయి" అన్నాను. కానుక వెయ్యమని అమ్మ ఇచ్చిన రూపాయి అది.

అందరూ నవ్వారు. సంఘపెద్ద కూడా నవ్వుతూనే ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అనేశాడు. చీపురు నాదైపోయింది.

దయమ్మే తెచ్చి నా చేతిలో పెట్టింది.

"జాగ్రత్త బాబూ, కొత్తది... ఈనెలు గుచ్చుకుంటాయి."

ఆవిడ ముఖంలో కోపం వెతికాను... దొరకలేదు. ఉండి ఉంటే నాకు సులువయ్యేది.

శనివారం అమ్మ ఆ చీపురే నా చేతికిచ్చి, ఈ వారం చర్చి నువ్వు ఊడువు, దయమ్మని కూర్చోమని చెప్పు అంది. పావురాల రెట్టలు, చాపల కింద ఇసక, మూలల్లో బూజు... సగం అయ్యేసరికి అరచేతులు బొబ్బలెక్కాయి. దయమ్మ మెట్ల మీద కూర్చుని అంతా చూసింది. చూసి, లేచి, నేను ఊడ్చిన సగం మళ్లీ ఊడ్చింది.

సిగ్గేసింది. ఆ సిగ్గులోనే అడిగాను... మా అమ్మ కుర్చీలో కూర్చుని చెబితే అంత జీతం కదా, నీకెందుకింత తక్కువని.

"టీచరమ్మ చెప్పింది మీ బుర్రల్లో ఉండిద్ది బాబూ. నేనూడ్చింది ఊడిస్తే ఎవురికీ కనపడదు... ఊడవకపోతేనే కనపడిద్ది."

ఇప్పుడు నాది బాపట్లలో ఆఫీసు ఉద్యోగం. నేను పది రోజులు సెలవు పెడితే ఎవరికీ పెద్దగా తెలియదు. మా ఆఫీసు ఊడ్చే ఆవిడ ఒక్క పూట రాకపోతే పదింటికల్లా అందరికీ తెలుస్తుంది. జీతాలు మాత్రం తిరగేసి ఉన్నాయి. ఎందుకని అడిగితే చదువంటారు, పరీక్షలంటారు, ఆ పనికి మనుషులు సులువుగా దొరుకుతారంటారు... అన్నీ నిజమే కావచ్చు. నాకు మాత్రం ఆ వేలంపాటే గుర్తొస్తుంది. నెలాఖరున జీతం పడ్డప్పుడు కొంచెం ఎక్కువగా గుర్తొస్తుంది.

మా ఊరి కోత పండగలో ఇప్పుడు కోడి కూత లేదు. కానుక ఫోన్లో స్కాన్ చేసి పంపేస్తున్నారు. అన్నీ అంకెలే... ఏది ఎవరి కష్టమో తెలియడం లేదు.

మీ ఊళ్లోనూ ఇలా ఊడవకపోతేనే కనపడేవాళ్లు ఉండే ఉంటారు. కింద వాళ్ల పేరు రాయండి... మొదట నేను రాస్తాను.

దయమ్మ.

ఇంటిపేరు కూడా రాద్దామనుకున్నాను... నాకు తెలియదు. అమ్మకి ఫోన్ చేసి అడిగాను. అమ్మకీ తెలియదట.