మార్తమ్మకు ‘చదవగలరు’ అని రాసిన ఫారం

2023 మే నెల. వేట నిషేధం రోజులు. జువ్వలదిన్నె దగ్గరి తీరంలో పడవలన్నీ ఇసుక మీదికి లాగి ఉన్నాయి. చేప రాదు కాబట్టి ఎండబెట్టే పని కూడా ఉండదు, ఆడవాళ్లు ఇళ్ల దగ్గర దొరుకుతారు. మా సంస్థ అందుకే బేస్‌లైన్‌కి ఆ నెలను ఎంచుకుంది. ఏ కార్యక్రమమైనా మొదలుపెట్టేముందు పరిస్థితి ఎలా ఉందో రాసిపెట్టుకోవడాన్ని బేస్‌లైన్ అంటాం. కార్యక్రమం ముగిశాక మళ్లీ వెళ్లి చూసి, తేడా ఎంతో తేలుస్తాం.

ఆ ఏడు చేపట్టిన కార్యక్రమం చదువు రాని ఆడవాళ్లకు సాయంత్రం తరగతులు. పాఠం చెప్పేది వేరేవాళ్లు. వచ్చిందా లేదా అని చూసేది మేము. కావలి ఆఫీసులో మానిటరింగ్, ఇవాల్యుయేషన్ విభాగం అంటే ముగ్గురమే. పైన ప్రకాష్ సార్, పదిహేనేళ్లుగా ఊళ్లు తిరుగుతున్న షబానా అక్క, డిగ్రీ అయి ఏడాది దాటిన నేను. కొత్తవాళ్లతో మాట్లాడాలంటే నాకు బెరుకు. ఈ ఉద్యోగంలో అడగాల్సిన మాటలన్నీ ముందే అచ్చువేసి ఉంటాయి. ఎదుటివాళ్లు చెప్పింది రాసుకుంటే చాలు. డైరీ రాసే అలవాటున్న నాకు అది సరిపోయింది.

సార్ గోడకు ఒక కాగితం అంటించారు. మనిషికి రోజుకు పన్నెండు ఫారాలు, పది రోజుల్లో పూర్తి. “లక్ష్యమంటే కొలవగలిగేట్టు ఉండాల. బాగా చేయండి అంటే ఎవరికి అర్థమవుద్ది?” అన్నారు. నాకూ నచ్చింది. సాయంత్రం తిరిగొచ్చి నా పేరు ఎదురుగా అంకె వేసుకుంటుంటే, ఎవరితోనూ వాదించకుండానే పని బాగా చేశానని రుజువు చేసుకున్నట్టుండేది.

ఐదోరోజు పదకొండో ఇల్లు మార్తమ్మది. యాభై ఐదేళ్లుంటాయి. భర్త పోయి ఆరేళ్లయింది, ఒక్కతే ఉంటుంది. నేను వెళ్లేసరికి వాకిలి ఊడ్చి, జాకెట్టు మార్చుకుని, కుర్చీ వేసి కూర్చుంది. మేము వస్తున్నట్టు వీధికంతా తెలిసిపోయింది మరి.

చదువు ప్రశ్న వచ్చినప్పుడు నాలుగు వాక్యాల కార్డు ఇచ్చి చదవమనాలి. చదివితే ‘చదవగలరు’ అని, లేకపోతే ‘చదవలేరు’ అని రాయాలి. కార్డు చేతికిస్తే ఆమె దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి, “చిన్నచ్చరాలు పాపా, నాకు ఆనవు” అంది. కావలి వైపు పోయే ఆఖరి బస్సుకు ఇరవై నిమిషాలే ఉంది, ఇంకో ఇల్లు మిగిలి ఉంది.

“పోనీ మీ ఇంట్లో పెద్దక్షరాల పుస్తకం ఏదైనా ఉందా పెద్దమ్మా?” అన్నాను.

లోపలికి వెళ్లి చర్చిలో పాడే పాటల పుస్తకం తెచ్చింది. మధ్యలో ఒకచోట తెరిచి, వరస మీద వేలు జరుపుతూ, ఎక్కడా ఆగకుండా చదివింది. గొంతు ఎంత బాగుందంటే నేను కలం పట్టుకుని వింటూ ఉండిపోయాను. ఒక్కచోట మాత్రం, పేజీ తిప్పకముందే తర్వాతి పేజీ మాట ఆమె నోట వచ్చేసింది. చూశాను. చూసి కూడా ఆలోచించలేదు. ‘చదవగలరు’ అని గుండ్రం చుట్టి, ఆమె నమస్కారం అందుకుని, పన్నెండో ఇంటికి పరుగెత్తాను.

జూన్ మధ్యలో వేట మొదలైంది, తరగతులూ మొదలయ్యాయి. పాతికమందికి చోటు. జాబితా మా ఫారాల నుంచే తీశారు. ‘చదవగలరు’ అని ఉన్నవాళ్ల పేర్లు అందులో ఉండవు.

జూలైలో బ్యాక్‌చెక్‌కు షబానా అక్క వెళ్లింది. ఒకరు నింపిన ఫారాల్లో కొన్నింటిని తీసుకుని మరొకరు అదే ఇంటికి వెళ్లి అవే ప్రశ్నలు అడగడమే బ్యాక్‌చెక్. గోడ మీది కాగితంలో దాని ఊసు లేదు కాబట్టి అది తీరిక దొరికే దాకా ఆగింది. అక్క తిరిగొచ్చి బ్యాగు బల్ల మీద పెడుతూనే నన్ను పిలిచింది.

“ఏమ్మే, మార్తమ్మకు చదువొచ్చని రాసినావే?”

“చాలా బాగా చదివింది అక్కా.”

“నా కళ్లద్దాలు తీసి ఆమెకు పెట్టి కార్డు ఇచ్చినా. కార్డు తలకిందులుగా పట్టుకునుండాది. నేనే తిప్పి ఇచ్చినా. పాటల పుస్తకం చదివింది అంటావేమో, ఆమె నలభై ఏళ్లుగా ఆదివారం ఆదివారం పాడతా ఉండాది. దాన్ని చదవడం అంటే మా ఇంట్లో చిలక కూడా పంతులమ్మే.”

నవ్వబోయింది కానీ నా మొహం చూసి ఆపేసింది. “ఊరుకో. నా మొదటేడు నేను చనిపోయినాయన చేత సంతకం పెట్టించినా. పెట్టింది ఆయన తమ్ముడంట. రేపు నువ్వే పొయ్యి మాట్లాడు.”

మరునాడు వెళ్లాను. మార్తమ్మ చాప మీద ఎండబెట్టిన నెత్తళ్ల చేపలు తిరగేస్తోంది. తప్పు నాదని ఎలా మొదలుపెట్టాలో దారంతా మనసులో వాక్యాలు కట్టుకున్నాను.

“సీటు రాలా పాపా” అని ఆమే మొదలుపెట్టింది. “అంత బాగా అప్పజెప్పినా గదా, అయినా రాలా. ఎదురింటి కోటేశ్వరమ్మకు వచ్చింది. దానికి నోరే తిరగదు. దానికెట్టా ఇచ్చినారు?”

అప్పుడు అర్థమైంది. బళ్లో బాగా చదివేవాళ్లకే సీటు దొరుకుతుంది. లోకమంతా అలాగే నడుస్తున్నప్పుడు మా తరగతి మాత్రం రానివాళ్లకే చోటిస్తుందని ఆమెకు ఎవరు చెప్పారు? మా ఫారంలో ఆ మాటే లేదు. ఆమె పరీక్ష రాసింది. వారం రోజులు పుస్తకం ముందు పెట్టుకుని, ఏ వరస ఎక్కడ ముగుస్తుందో పక్కింటి అమ్మాయిని అడిగి, వేలు జరపడం నేర్చుకుందట.

“చదువు రాదంటేనే సీటిస్తారు పెద్దమ్మా” అన్నాను. “నేను వచ్చని రాసేశాను.”

ఆమె నెత్తళ్లు తిప్పడం ఆపింది. “రాదంటే ఇస్తారా? రాదని చెప్పడానికి సిగ్గుపడి ఇంత చేసినా గదమ్మా” అని నవ్వింది. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

చేతులు కడుక్కుని లోపల్నుంచి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చింది. రేషన్ కార్డు, ఆధార్ కార్డు, వాటి వెనక నీలంరంగు ఇన్‌ల్యాండ్ లెటర్లు. భర్త యేసుదాసు పెళ్లయిన కొత్తలో కొన్నేళ్లు విశాఖపట్నం బోట్ల మీద పనిచేశాడట. పదో తరగతి చదివినవాడు. నెలకొక ఉత్తరం రాసేవాడు. పోస్ట్‌మ్యాన్ వాకిట్లో నిలబడి, అత్తగారి ముందు, బయటికి చదివేవాడట.

“చదవతా చదవతా ఒక్కోచోట దగ్గేవాడు. దగ్గి రెండు లైన్లు వదిలేసి కిందికి పొయ్యేవాడు. మా అత్త, ఏందయ్యా మింగతా ఉండావు అనేది. ఏం లేదమ్మా, వానలు పడతా ఉండాయంట అనేవాడు. మా ఆయన ఇంటికొచ్చినాక అడిగితే, చదువు నేర్చుకుని నువ్వే చూసుకో అనేవాడు. నవ్వేవాడు. ఆ నవ్వు చూసుకుంటా అట్టే ఉండిపోయినా. ఇప్పుడు అడుగుదామంటే మనిషి లేడు.”

నా చెయ్యి దానంతట అదే ముందుకు వెళ్లింది. నాకు ఎవరూ ఉత్తరం రాయలేదు. ఇకమీదట ఎవరూ రాయరని తెలుసు. ఇతరుల ఉత్తరాలను పుస్తకాల్లోనే చదువుకున్నాను. “నేను చదివి చెప్పనా పెద్దమ్మా? ఎవరికీ చెప్పను.”

ఆమె ఉత్తరాలు మళ్లీ కవర్లో పెట్టేసింది. “వొద్దులే పాపా. ఇన్నాళ్లూ ఒకరి నోట్లోనించే గదా విన్నా.”

సోమవారం సమీక్ష సమావేశం. నేను రాసిన వాటిలో సొంత పుస్తకం నుంచి చదివినవాళ్లు ఇంకా నలుగురున్నారు. ఆలోపే అక్కా నేనూ కలిసి అందరినీ మళ్లీ చూశాం. ఇద్దరికి నిజంగా చదువొచ్చు, ఇద్దరికి రాదు. ఆ మాట నిలబడి చెప్పాను.

“బేస్‌లైన్ పైకి పంపించేసినాం” అన్నారు సార్. “ ఇప్పుడు మార్చమంటే మన పనే అనుమానంగా చూస్తారు.”

“చూడనీయండి సార్” అంది అక్క. “ఉన్నదే గదా.”

“నువ్వేమంటావు?” అని సార్ నన్ను అడిగారు.

“సార్, ఇకనుంచి నాణ్యంగా చేస్తాం” అన్నాను.

“నాణ్యం అంటే ఏందమ్మా? కొలిచి చెప్పు.”

ఆ ప్రశ్నకు నాకు కోపం రావాలి. రాలేదు. ఆయన అడిగింది న్యాయమే. మేము వేగాన్ని కొలిచాం కాబట్టి వేగం వచ్చింది. గోడ కాగితం తీసి వెనక వైపు రాశాను. రోజుకు ఎనిమిది ఫారాలే. ప్రతి పది ఫారాల్లో రెండు, వారంలోగా, వేరొకరు మళ్లీ అడగాలి. చదువు ప్రశ్నలో ఇద్దరి జవాబూ కలవాలి. కలవకపోతే పదిహేను రోజుల్లోగా ఆ మనిషి ఇంటికి వెళ్లి, తప్పు ఎక్కడ జరిగిందో చెప్పి రావాలి. సార్ చివరి వాక్యం రెండుసార్లు చదివారు.

“ఇది ఏ రిపోర్టులోనూ అడగరు” అన్నారు.

“తెలుసు సార్.”

“సరే, ఉండనీ. ఆ ముగ్గురినీ తరగతిలో చేర్చమని నేను రాస్తా. సవరణ కూడా పంపిస్తా. తిట్లు నాకేలే.”

ఆగస్టు మొదటివారంలో మార్తమ్మ తరగతిలో చేరింది. చాప చాలదని చెప్తే పీట తెచ్చుకుంటానంది.

మరుసటి ఫిబ్రవరిలో ఎండ్‌లైన్. తరగతులు ముగిశాక చివరి కొలత అది. కొత్త కార్డు, ఒక నిమిషం గడియారం. ముప్పై మాటలు చదివితే లక్ష్యం చేరినట్టు. షబానా అక్క చూసినప్పుడు మార్తమ్మ పంతొమ్మిది చదివింది. మూడు రోజుల తర్వాత బ్యాక్‌చెక్‌కు నేను వెళ్లాను. ఒక్కో అక్షరం మీద వేలు ఆనించి, గుణింతం గొణుక్కుని, మాట దొరికాక తల ఎత్తి నా వైపు చూసి, మళ్లీ వంగేది. ఈసారి వేలూ నోరూ ఒకేచోట ఉన్నాయి. నిమిషం అయిపోయింది. ఇరవై.

“పాసయినానా పాపా?”

కలం పట్టుకుని ఆలోచించాను. ఒకసారి ఈమెకు రాని చదువును వచ్చని రాశాను. ఇప్పుడు వచ్చిన చదువును రాలేదని రాయాలి. ఇద్దరి అంకెలూ ముప్పైకి లోపే, జవాబు కలిసింది, అలా కలవాలని గోడ మీద రాసింది నేనే.

“లేదు పెద్దమ్మా. ఇంకా పది మాటలు కావాలంట. కొంచెం త్వరగా చదవాలి.”

“ఎందుకు అంత బిరీన?” అంది. నిజంగానే అడిగింది. “మొదటి జాబు చదవడానికి నాలుగు రోజులు పట్టింది. రెండోది మూడు రోజులు. పోస్ట్‌మ్యాన్ దగ్గి వదిలేసిన లైన్లు దొరికినాయి.”

నేనేమీ అడగలేదు. ఆమె చెప్పనూ లేదు. కొంగుతో మొహం తుడుచుకుంది. చెమట మాత్రం లేదు.

“ఇంకా ఇరవై పైన ఉండాయి. ఆదివారానికొకటి తీస్తా ఉండా. బిరబిరా చదివితే ఈ నెలకే అయిపోతాయి గదా. మెల్లంగా చదివితే, మళ్లా ఆయన కాడ నుంచి జాబులు వస్తా ఉన్నట్టుంటది.”

ఫారంలో ‘లేదు’ అని గుండ్రం చుట్టాను. తుది నివేదికలో ఆమె లక్ష్యం చేరనివాళ్ల లెక్కలోనే ఉంది. దాన్ని మార్చమని నేను అడగలేదు. కొలత తప్పు కాదు, ఆమెకు కావలసింది ఆ కొలతలో లేదు, అంతే. తర్వాతి ఊరి బేస్‌లైన్ తయారవుతున్నప్పుడు, కార్డు చేతికివ్వడానికి ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటి కలిపాను: “చదువొస్తే మీరు మొట్టమొదట ఏం చదవాలనుకుంటున్నారు?” ఎండ్‌లైన్‌లో దానికి జోడీ ప్రశ్న: “అది చదివారా?” అవును, కాదు. ఇది కూడా కొలతే అని సార్ ఒప్పుకున్నారు. మొదటి ప్రశ్నకు మాత్రం సగం పేజీ ఖాళీ వదలమని అడిగాను. చాలామంది వెంటనే చెప్పరు. కలం పట్టుకుని అలా కూర్చుని ఉండడమే అక్కడ మా పని.