బకెట్టమ్మ పైకెక్కిన రోజు

మా పెద్ద తోటికోడలికి మాట తక్కువ, పని ఎక్కువ. నాకు పని తక్కువ, నోరెక్కువ. అందుకే మా ఊళ్లో జనం చూడ్డానికొచ్చే పాత హాలులో నాకు టికెట్ల కిటికీ, ఆవిడకి నేల తుడిచే పని దొరికాయి. అక్కడి వాళ్లంతా ఆవిణ్ణి బకెట్టమ్మ అంటారు. నా ఎదురుగా అంటే ఊరుకోను గానీ చాటుగా నేనూ అదే అంటాను.

అది మామూలు నేల కాదు. ఎన్ని వందల ఏళ్ల కిందటో ఎవరో మహానుభావులు వేలిగోరంత రంగురాళ్లు ఒక్కొక్కటే పొదిగి బొమ్మ తీర్చారు. దేశదేశాల జనం వచ్చేది దాన్ని చూడ్డానికే. అయినా మొత్తం ఎవరికీ చూపించరు. రాళ్లు అరిగిపోతాయని మందపాటి చాపలు కప్పి, కొన్నాళ్లకో మూల తెరిచి ఉంచుతారు. తెరిచిన మూలని ఆవిడ మోకాళ్ల మీద కూర్చుని తడిగుడ్డతో తుడుస్తుంది. తడి తగిలితేనే ఆ రాళ్లకి రంగు. ఆరితే మళ్లీ దుమ్ము రంగే. చిన్న వయసులో పనిలో చేరింది, ఇప్పుడు జుట్టు నెరిసింది. తలుపు దగ్గరిది విసనకర్ర అని, నడిమి ఆకుపచ్చది ఆకుల తోట అని, అవతలి గోడ దగ్గర నల్లగుండ్రం బావి అని ఆవిడే పేర్లు పెట్టుకుంది. ఇంట్లో కూర తరుగుతూ "ఇవాళ తోటంతా తుడిచానే" అనేది. నాకు ఒళ్లు మండేది. మరి ఇంటి నేల ఎవరు తుడుస్తారమ్మా అని అడిగేదాన్ని.

ఈ ఏడాది నేల అడుగు నుంచి చెమ్మ ఎక్కి రాళ్లు ఊడటం మొదలైంది. హాలు చూసుకునే పెద్దలు కూర్చుని ఒక మాట అనుకున్నారు. రాళ్లు నిలవాలంటే నేలంతా ఇసుకతో కప్పేయాలి, మన తరంలో మళ్లీ తెరవకూడదు. ఆ సంగతి తెలిసిన రోజు ఆవిడ కంచం ముందు కూర్చుందే గానీ ముద్ద ఎత్తలేదు. ఒక్కసారి మొత్తం చూడాలనుందే అంది. ఈ ఇంటికి కోడలిగా వచ్చాక ఆవిడ నోట నేను విన్న మొదటి కోరిక అది. ఆఫీసులో కాగితం మీద గీసిన బొమ్మ ఉంది, చూపిస్తామన్నారు. పెళ్లికి పిలిచి ఫోటో చేతిలో పెట్టినట్టుంటుంది, వద్దంది.

ఇసుక పోసే రోజు పొద్దున చాపలన్నీ తీసేశారు. మొత్తం కనబడాలంటే పైన గోడ చుట్టూ ఉన్న సన్నటి నడవాలోకి ఎక్కాలి. దానికి మెలికలు తిరిగిన ఇనప మెట్లు, సందుల్లోంచి కింద నేల కనిపిస్తూ ఉంటుంది. ఎత్తంటే ఆవిడకి ప్రాణభయం. స్టూలెక్కి బల్బు కూడా మార్చదు. కళ్లు గట్టిగా మూసుకుని ముందు ఆవిడ, తిడుతూ నెడుతూ వెనక నేను. ఎలాగో పైకి చేరి, కమ్మీ పట్టుకుని కళ్లు తెరిచింది.

కిందంతా బూడిద రంగు. బొమ్మా లేదు, పాడూ లేదు. ఆవిడ కింది పెదవి వణికింది. తడపాల్సిన మనిషి వచ్చి పైన నిలబడితే రంగెక్కణ్ణుంచి వస్తుంది?

గబగబా దిగి బకెట్టు అందుకున్నాను. పుట్టి బుద్ధెరిగి ఆ నేల మీద నేను గుడ్డ పెట్టింది లేదు. ఇసుక మోయడానికొచ్చిన కూలీలు గుడ్లప్పగించి చూస్తుంటే, తలా ఒక గుడ్డ పట్టండి అని కేకలేశాను. పాపం, పట్టారు. తలుపు దగ్గర మొదలుపెట్టి అందరం తుడుచుకుంటూ పోయాం. నా ముక్కు కింద రాళ్లు తప్ప నాకేమీ తెలియడం లేదు. కాస్త నీలం, కాస్త ఆకుపచ్చ, ఎక్కడో బంగారం. నడుం విరిగిపోతోంది. ఈ పని ఈ మనిషి ఇన్నేళ్లు ఎలా చేసిందిరా భగవంతుడా అనుకున్నాను. బావి దాకా వచ్చి తలెత్తి చూశాను.

ఆవిడ కమ్మీ వదిలేసింది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని ఉంది.

"చేపే" అంది చివరికి. "అంతా ఒకటే చేప. విసనకర్ర దాని తోక. తోట దాని పొలుసులు. నువ్వు కూర్చుంది దాని కన్ను. ఆ కంట్లో నువ్వు సగం కూడా లేవు."

నాకు ఒళ్లు జలదరించింది. తొక్కుతున్నానేమోనని గుడ్డ వదిలేసి పక్కకి జరిగాను. కూలీలు కూడా జరిగారు.

అంతలో మెట్ల మీద చప్పుడైంది. ఆవిడ తనంతట తనే, కళ్లు తెరుచుకునే దిగొస్తోంది. నేను వదిలేసిన గుడ్డ తీసుకుని, తను తడుపుతూ ఉంటానని, ఆరిపోకముందే నన్ను పైకి పొమ్మంది. ఇంకాసేపు నువ్వే చూసుకోవచ్చుగా అన్నాను.

"నువ్వూ చూడకపోతే రేపట్నుంచి దీని గురించి ఎవరితో మాట్లాడతానే?"

ఎక్కాను. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా చేప. మిలమిలా మెరుస్తూ, ఇప్పుడే ఒకసారి ఊపిరి తీసుకుని కదులుతుందా అన్నట్టుంది. దాన్ని చేసిన చేతులకి మొక్కాలనిపించింది. దాని వీపు మీద మా అక్క, చీమంత, మోకాళ్ల మీద వెనక్కి జరుగుతూ తుడుస్తోంది. గుడ్డ వెళ్లిన చోటల్లా రంగు లేస్తోంది.

కనిపిస్తోందా అని కింది నుంచి అడిగింది.

"కనిపిస్తోందక్కా. నువ్వు కూడా కనిపిస్తున్నావు."

"నన్నెందుకే చూడ్డం" అంది, తలెత్తకుండానే. "చేపని చూడు."