ఛీ బాబాయి ముట్టని కింది అర

శనివారం సాయంత్రం చుట్టపుచూపుగా దిగిన బావమరిది టూత్‌బ్రష్షు తెచ్చుకోవడం మరిచిపోయాడు. ఆదివారం పొద్దున్నే స్నానాలగది కిటికీలో కొత్తదానిలా కనిపించిన ఒక బ్రష్షుతో తీరిగ్గా పళ్లు తోముకుని, నాలుక కూడా రుద్దుకుని, వచ్చి కాఫీకి కూర్చున్నాడు. ఆ బ్రష్షుతో అంతకుముందు వారమంతా ఒక పాత కంప్యూటర్ సర్క్యూట్ పలకల మీద ఎండిపోయిన ఎలుక మూత్రం వదలగొట్టారు. సంగతి చెప్పాలా వద్దా అని ఇంటాయన కాసేపు తర్జనభర్జన పడి, కాఫీలో చక్కెర సరిపోయిందా అని అడిగి ఊరుకున్నాడు.

ఈ ఇంటాయన్ని వీధిలో అందరూ ఛీ బాబాయి అంటారు. హోటల్లో గ్లాసును వెలుతురుకి ఎత్తి చూసి ఛీ అంటాడు. తడిసిన తలుపు గడియ తగిలితే ఛీ అంటాడు. సబ్బుకి వెంట్రుక అంటుకుని ఉంటే ఆ పూట స్నానమే మానేస్తాడు. స్వయానా కూతురి బిడ్డ ముద్దుముద్దుగా చీకి ఇచ్చిన బిస్కెట్టుని ‘ఆఁ, తింటున్నా తల్లీ’ అంటూ జేబులో వేసుకున్న ఘనుడు.

అలాంటి మనిషి కోరి కోరి తగిలించుకున్న పని, మూలపడ్డ మినీ కంప్యూటర్లు కొని బాగుచేయడం. పేరుకే మినీ. పక్కన నిలబెడితే ఫ్రిజ్జే చిన్నబోతుంది.

దీనికీ ఓ కారణముంది. వయసులో ఉండగా బాబాయి ఒక సబ్బుల ఫ్యాక్టరీలో ఇలాంటి యంత్రాన్నే చూసుకునేవాడు. దాని గదిలోకి వెళ్లాలంటే చెప్పులు విడిచి, చేతులు కడుక్కుని, తెల్లకోటు తొడుక్కోవాలి. లోపల దుమ్ము ఉండదు, ఈగ ఉండదు, ఎవరూ తుమ్మరు. లోకంలో తనకి రోత పుట్టని చోటు అదొక్కటే. కొత్త కంప్యూటర్లు రాగానే దాన్ని ఈడ్చుకొచ్చి ఆవరణలో వానకి వదిలేశారు. దాని నెత్తిన కాకిరెట్ట చూసి బాబాయి తట్టుకోలేకపోయాడు. కొని ఇంటికి తెచ్చుకున్నాడు. తర్వాత దానికో తోడు వచ్చింది. ఇప్పుడు మూడోది.

అమ్మేవాళ్లందరిదీ ఒకటే పాట: ‘బంగారంలా ఉందండీ, ప్లగ్గు పెట్టడమే ఆలస్యం.’ తలుపు ఊడదీస్తే లోపల సిగరెట్ పొగ పేరుకున్న పసుపుపచ్చ జిడ్డు, బొద్దింక గుడ్ల డొప్పలు, గాలి వడకట్టడానికి పెట్టిన స్పాంజి కరిగి నల్లటి పాకంలా కారిన చారలు. బాబాయి ఒక్కొక్కటీ చూసి ఛీ అంటూనే ఉంటాడు, చెయ్యి పెడుతూనే ఉంటాడు.

పిన్నికి అర్థం కానిది అదే.

“నా తమ్ముడు తాగిన గ్లాసు రెండుసార్లు తోమిస్తారు. ఎలుక ఉచ్చపోసిన పలకల్ని మాత్రం నా అన్నం గిన్నెల పక్కన ఆరబెడతారు. మీ శుభ్రానికి ఓ దారీ తెన్నూ ఉందా?”

“సబ్బునీళ్లతో కడిగానే!”

“ఏ సబ్బు? గిన్నెల సబ్బేనా?”

బాబాయి పలకల వైపు చూశాడు.

తమ్ముడు దిగిన శనివారం రాత్రే పిన్ని తేల్చి చెప్పింది. మర్నాడు ఆదివారం అందరి భోజనాలూ అయ్యేదాకా ఈ మూడోది ఆగకుండా నడవాలి. మధ్యలో ఆగిందో, ఇదీ, దీని అన్నలిద్దరూ కూడా తమ్ముడి బండెక్కాల్సిందే. తమ్ముడిది పాత ఇనుము కొట్టు. అక్క మాట పూర్తికాకముందే తాళ్లు సర్దుకున్నాడు.

బాబాయి పద్ధతి తప్పే మనిషి కాదు. పాత యంత్రానికి ఎకాఎకిన కరెంటు ఇవ్వడు. పలకలన్నీ ఊడబీకి, కరెంటు సరఫరా చేసే పెట్టెను ఒంటరిగా నిలబెట్టి, దారిలో ఒక మామూలు బల్బు తగిలిస్తాడు. బల్బు ఒక్కసారి వెలిగి మందగిస్తే లోపల క్షేమం. భగ్గున వెలుగుతూనే ఉంటే లోపలేదో తగలబడబోతోందని లెక్క. తర్వాత ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తాడు. ఆ వాసన చూసేటప్పుడు ఆయన మొహం చూసి తీరాలి.

ఈ మూడోదానికీ వారం నుంచీ అదంతా చేశాడు. ముందుపలక మీద మీటలు వరసగా ఎత్తి దించి చిన్న పరీక్ష పెట్టాడు. ఎర్రదీపాలు చీమల్లా ఒకదాని వెనక ఒకటి నడిచాయి. కాఫీ తాగేంతసేపు నడిచి, గుటుక్కున ఆరిపోయాయి. మళ్లీ పెట్టాడు, మళ్లీ అంతే. పలకలు మార్చాడు, చిప్పులు మార్చాడు, వైర్లు పీకి కొత్తవి అతికాడు. మార్చనిది ఒక్కటే, కింది అర.

యంత్రానికి గాలి విసిరే ఫ్యాన్లు ఆ అరలో ఉంటాయి. గాలి తగ్గితే ఒక సన్నటి రేకు వాలిపోయి, వేడికి కాలిపోకుండా కరెంటు కోసేస్తుంది. బాబాయికి ఇది తెలియక కాదు. మొదటిరోజే ఆ మూత విప్పాడు. బూడిదరంగులో, మెత్తగా, దూదిలాంటిదేదో కనిపించింది. వాసన కూడా వచ్చింది. వెంటనే మూత బిగించి, ‘దుమ్ము. ఫ్యాన్లు తిరుగుతున్నాయిగా’ అని తనకి తనే సర్టిఫికెట్టు ఇచ్చుకున్నాడు. అప్పట్నించీ యంత్రంలో తప్పు ఎక్కడెక్కడో వెతికాడు, అక్కడ తప్ప.

ఆదివారం మధ్యాహ్నం దీపాలు నడుస్తుండగా ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. బాబాయి కంచంలో ఏముందో చూడలేదు. రెండో వడ్డన దగ్గర గదిలోంచి వస్తున్న హోరు ఆగిపోయింది.

బావమరిది గబగబా చెయ్యి కడుక్కున్నాడు.

“ఏమీ అనుకోకు బావా. మాట మాటే.”

“పెరుగు వేసుకోరా ముందు,” అంది పిన్ని. అన్నదే గానీ మొగుడి మొహం చూడలేకపోయింది.

బావమరిది తాళ్లతో గదిలోకి వచ్చేసరికి బాబాయి నేలమీద బోర్లా పడుకుని కింది అర మూత విప్పుతున్నాడు. పిన్ని గిన్నెలు తోముకునే రబ్బరు తొడుగులు వేసుకున్నాడు గానీ, ఫ్యాన్‌కీ రేకుకీ మధ్య సందులో అవి పట్టలేదు. విప్పేశాడు. కళ్లు మూసుకున్నాడు. ఉత్త చెయ్యి లోపలికి పోనిచ్చాడు.

“ఛీ,” అన్నాడు. ఇంకాస్త లోపలికి పోనిచ్చాడు. “ఛీ ఛీ ఛీ.”

“ఏం దొరికింది బావా?”

“వెచ్చగా ఉంది.”

“మోటారు వేడేమో.”

“కదులుతోంది.”

బయటికి తీసిన చేతిలో ఒక గూడు ఉంది. చిరిగిన కాగితం, స్పాంజి తుక్కు, నీలం ఊలు. మధ్యలో కళ్లు తెరవని ఎలుకపిల్లలు, గులాబీరంగువి, ఒకదాని మీద ఒకటి. వాటి అమ్మ ఆయన మోచేతి మీదుగా పరుగెత్తి, కిటికీ ఎక్కి పెరట్లోకి దూకింది. పిన్ని కుర్చీ ఎక్కింది. ఎక్కాక ఊలు గుర్తుపట్టింది.

“అయ్యో, అది నా స్వెట్టర్ ఊలు! పోయినసారి వచ్చినప్పుడు ఎవరికో ఇచ్చేశాడని వీడిని తిట్టిపోశాను. అంటే ఇవి ఇక్కడే పుట్టాయా? నా ఇంట్లో పురుడు పోసుకుందా ఇది?”

“చూశావా అక్కా, నన్ననవసరంగా...”

“నువ్వాగరా! ఏమండీ, కింద పడేస్తారు, రెండు చేతులూ పట్టండి!”

రెండు చేతులూ పట్టాడు. ఒక పిల్ల ఆయన బొటనవేలిని చీకడం మొదలుపెట్టింది. బాబాయి మొహం వేపాకు నమిలినట్టయింది గానీ, వేలు మాత్రం లాక్కోలేదు. బావమరిది అట్టపెట్టె తెచ్చాడు. గూడు గూడుగా అందులో దించి, తల్లి వెతుక్కుంటుందని పెరటి గోడవార పెట్టారు.

చెయ్యి మోచేతిదాకా కడుక్కుని, మళ్లీ కడుక్కుని వచ్చి, బాబాయి మీట వేశాడు. ఈసారి ఫ్యాన్ల హోరు వేరేలా ఉంది, గొంతులో కఫం తెగినట్టు. దీపాలు నడిచాయి. పిన్ని మళ్లీ వడ్డించింది, అందరూ మళ్లీ తిన్నారు, దీపాలు ఇంకా నడుస్తూనే ఉన్నాయి.

“భోజనాలయ్యేదాకా అన్నాను. ఇప్పుడేగా అయ్యాయి,” అంది పిన్ని, తమ్ముడి వైపు చూడకుండా.

ఖాళీ బండి చూసుకుని బావమరిదికి ఒళ్లు మండిపోయింది.

“ఇంతా చేసి ఇది చేసే లెక్క నా ఫోను చిటికెలో చేస్తుంది. దీనికి ఒక గది, ఇంత కరెంటు, ఇంత కంపూనా బావా?”

బాబాయి వేలు మరోసారి తుడుచుకుంటూ అన్నాడు: “నీ ఫోన్లో ఒక సంసారం పడుతుందిట్రా?”