తగరపు మనుషులు

చోడవరంలో సుగర్ ఫ్యాక్టరీకెళ్లే రోడ్డు పక్కన ఇత్తడి గిన్నెలకి కళాయి వేసే ముస్తకీమ్‌కి చేతులతోపాటు నోరూ ఆడుతూనే ఉండాలి. ఎడమచేత్తో కొలిమితిత్తి నొక్కుతాడు. కాలిన గిన్నెలో నవాసారం చల్లి, ఆ ఘాటు పొగకి మొహం తిప్పుకుని, తగరం కడ్డీ ఒక్కసారి తాకించి దూదితో గిర్రున రుద్దుతాడు. గిన్నె వెండిలా మెరిసేలోగా కథ కూడా అయిపోవాలి. దూరదర్శన్‌లో మంచుదేశం చూసినప్పట్నుంచి ఎప్పుడూ ఒకటే కథ. లోకం చివర ఆ మంచులో తగరపు మనుషులుంటారట. చలి ముదిరితే వాళ్ల ఒంటిమీద బూడిదరంగు మచ్చ లేస్తుంది. ముట్టుకున్నవాళ్లకీ అంటుకుంటుంది. చివరికి మనిషి పొడైపోతాడు. అందుకే అక్కడ తల్లులు పిల్లల్ని ఎత్తుకోరు. అప్పుడు చోడవరం నుంచి కళాయివాడొకడు వెళ్లి, కొలిమి రాజేసి, వాళ్లందర్నీ కరిగించి మళ్లీ మనుషుల్ని చేస్తాడు. "ఆ కళాయోడివి నువ్వేనేటి?" అని గిన్నెలు తెచ్చిన మంగాయమ్మ నవ్వితే, "నేను కాపోతే ఇంకెవడమ్మా!" అని గడ్డం దువ్వుకుంటాడు.

ఈ చలికాలం అతని కోడలు తహమీనాకి టీబీ అన్నారు. దగ్గు తగ్గేదాకా పిల్లని దగ్గరికి రానివ్వొద్దన్నాడు డాక్టరు. అందుకని అయిదేళ్ల మనవరాలు షబ్నమ్‌ని రోజూ తెచ్చి కొలిమి పక్కనే కూర్చోబెట్టుకుంటున్నాడు. మొన్న మంగాయమ్మకి కథ చెబుతుంటే ఆ గుంట చివరిదాకా విని, లేచి, తాత చొక్కా పట్టుకు లాగింది.

"దాదా, ఇంటికెల్దాం రా. అమ్మ పొడైపోకముందే కొలిమెట్టు."

ముస్తకీమ్ చెయ్యి గిన్నెలోనే ఆగిపోయింది. దూది మాడి వాసనొస్తున్నా, మంగాయమ్మ పిలుస్తున్నా, అతను చెయ్యి తియ్యలేదు.