పిల్లల మంత్రి ఓదెమ్మ

నర్మెట్ట దగ్గరి ఒక పల్లెల దొర గడి ఇడిసి పట్నం పారిపోయినంక, ఊరోళ్లు సంఘం పెట్టుకొని పనులు పంచుకున్నరు. భూముల పని ఆగయ్యకు. పిల్లల సంగతి, ఇండ్లల్ల కొట్లాటల సంగతి ఓదెమ్మకు. అప్పటి సంది ఆమెను "పిల్లల మంత్రి" అని ఎక్కిరించేటోళ్లు. ఆమె నవ్వి ఊకునేది.

ఆ పని ఆమె అడిగి తీసుకున్నది. ఎనకట దొర పొలంల నాటేసేనాడు ఒడ్డు మీద పండవెట్టిన ఆమె బిడ్డ పాలకు ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లింది. దొర మనిషి ఆమెను మడిల నుంచి కదలనియ్యలేదు. పొద్దుగూకి పోయేసరికి బిడ్డకు పానం లేదు.

ఈసారి నాట్లకు ఓదెమ్మ ఊరి పిల్లలందరిని గడి కొట్టంల పోగు చేసింది. ప్రతి తల్లి తన పాత చీర పీలిక ఒకటి ఇచ్చిపోవాలె. బిడ్డ ఆకలికి ఏడిస్తే ఆ పీలికను పొడుగు కట్టెకు కట్టి పైకి లేపుతది. మడిల వంగిన తల్లి తన చీర రంగు చూసి వస్తది.

నాలుగోనాడు తండా నుంచి కమ్లీ తన బిడ్డ సోనిని తెచ్చింది. ఆమె పీలిక ఎర్రది. పగటీలి సోని గుక్కపట్టి ఏడిస్తే ఓదెమ్మ ఆగమాగమై దాన్ని లేపింది. ఎర్రగుడ్డ లేస్తే రజాకార్లు వస్తున్నరని ఊరికి గుర్తు. ఏడుపుల ఆ సంగతి యాదికే రాలే.

మొగోళ్లు నాగండ్లు ఇడిసి వడిసెలలు పట్టిండ్రు. ఆడోళ్లు కారంపొడికి ఇండ్లకు ఉరికిండ్రు. పొద్దుగాల ఏసిన నారంత తొక్కుడుపాలైంది. కమ్లీ ఒక్కతే నిమ్మళంగ వచ్చి సోనికి పాలిచ్చుకుంట, "గది నా గుడ్డ. మీరెందుకు ఉరుకుతున్నరు?" అన్నది.

మాపటికి సంఘం కూసున్నది. "తప్పు నాదే" అన్నది ఓదెమ్మ.

"మంత్రమ్మా, ఒక్క పోరి పాలకు ఊరంత చెమటలు కక్కినం" అన్నడు ఆగయ్య. "కొట్టం బంద్ పెడుదాం. ఎవల పిల్లలు ఆళ్ల ఎంబడే ఉంటరు."

నాటేసేటోళ్లల్ల పెద్దామె ఎల్లక్క లేచింది.

"మంచిదే ఆగన్నా. రేపటి సంది నాటు నువ్వె వెయ్యి. మేం పిల్లల కాడ ఒడ్డు మీద కూసుంటం."

"నాకు నాటు రాదాయె చెల్లె."

"నేర్చుకో. మనవరాలిని ఎట్లాగు ఎత్తుకోవు, నడుమన్న వంచు."

అందరు నవ్విండ్రు, ఆగయ్య సుత. ఎర్రది తప్ప ఏ రంగైనా లేపొచ్చని తీర్మానమైంది. ఎల్లక్క పక్కన కూసున్న బుచ్చవ్వ తన పసుపు చీర కొంగు చింపి కమ్లీకిచ్చింది.

తెల్లారి ఆగయ్యే మనవరాలిని ఎత్తుకొని కొట్టం కాడికి వచ్చిండు. "జర చూస్కో అక్కా" అన్నడు.

"ముందుగాల దాని ముక్కు తుడువు" అన్నది ఓదెమ్మ.

ఆయన కండువతోని తుడిచి, పిల్లను ఆమె చేతిల పెట్టి, నారు మొయ్య పోయిండు. ఓదెమ్మ పదకొండు మందికి జొన్నంబలి చల్లార్చుకుంట కూసున్నది.